నా కుర్చీ వెనక ఇద్దరు

ఆయన పేరు నేనిక్కడ రాయను. ఒకసారి రాసి చేసిన తప్పు చాలు. పోనీ రాద్దామన్నా అది ఒక్క మాటతో అయిపోయే పేరు కాదు, ఇరవై రెండు పేర్ల పేరు. టీకొట్టులో వాళ్లవాళ్లంతా ఆయన్ని ఒక ముద్దుపేరుతో పిలిచేవాళ్లు. సోమాలీలు ఒకరికొకరు పెట్టుకునే పేర్లలో మొహమాటమేమీ ఉండదు. కుంటేవాణ్ణి కుంటివాడనే పిలుస్తారు, బట్టతలవాణ్ణి బట్టతల అనే పిలుస్తారు, పిలిపించుకున్నవాడు పలుకుతాడు కూడా. ఈయన ముద్దుపేరుకు అర్థమేమిటని అడిగితే మాత్రం ఆ కొట్టు నడిపే హలీమా నవ్వేసి, పెళ్లయినదానివే అయినా నీకు చెప్పలేను అనేది. అందుకని నాకు ఆయన పెద్దాయన, అంతే. ఆయన పోయాడని మొన్న తెలిసింది.

షార్జా రోలాలో, బట్టల దుకాణాల సందు చివర మా టైపింగ్ సెంటర్. వీసా దరఖాస్తులు, అద్దె ఒప్పందాలు, హామీ పత్రాలు, ఏవైనా సరే అరబీలో టైపు చేసి ఇచ్చే చోటు. నాది రాయచోటి. చిన్నప్పుడు మసీదులో హజ్రత్ బెత్తం పట్టుకుని నేర్పిన అక్షరాలే ఇక్కడ నాకు అన్నం పెడుతున్నాయి. మా ఆయన ఫుజైరా రేవులో ఓడలకు ఇంధనం నింపే కంపెనీలో పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. తక్కిన ఆరు రోజులూ నాకు తోడు కీబోర్డే. ఈ అమ్మాయి టైపు చేసిన కాగితం తప్పని తిరిగొచ్చిన పాపాన పోలేదని మా ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదాయన, వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. వినీ వినీ నేనూ నమ్మేశాను.

మా గోడకు ఆ పక్క హలీమా టీకొట్టు. దాల్చినచెక్క, లవంగం, ఏలకులు వేసి మరిగించి ఆమె పోసే టీ కోసం, రేవులో చెక్క లాంచీలకు సరుకెక్కించే సోమాలీ వ్యాపారులంతా మధ్యాహ్నం నమాజు కాగానే అక్కడ చేరేవాళ్లు. చేరి పోట్లాడుకునేవాళ్లు. కూర్చున్న చోటునుంచి లేవకుండా దేశాన్ని చీల్చి, అతికించి, మళ్లీ చీల్చి, సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లడం. ఈ పనికి వాళ్ల భాషలో ఒక పేరే ఉందట, కూర్చుని చేసే యుద్ధమని.

ఆ యుద్ధంలో నాకూ కొంచెం చోటు దొరికింది. మా దరఖాస్తులో జాతీయత అనే గడి నొక్కితే దేశాల జాబితా వస్తుంది. అందులో సోమాలియా ఉంటుంది, సోమాలీలాండ్ ఉండదు. ఉత్తరాది వాళ్లు తమది వేరే దేశమంటారు. జెండా వేరు, ఎన్నికలు వేరు, కానీ జాబితా ఒప్పుకోదు. ఆ ఉత్తరాది హర్గేసా నుంచి వచ్చిన లాంచీల బ్రోకరు ఒకడు వచ్చిన ప్రతిసారీ కౌంటరు మీద మోచేతులు ఆనించి, మీ కంప్యూటర్లో మా దేశం ఇంకా పుట్టలేదా అని అడిగేవాడు. వెంటనే దక్షిణాది మొగదిషు టైర్ల వ్యాపారి వెనకనుంచి, ఈ పిల్ల తెలివైంది, లేనిదాన్ని రాయదు అని నన్ను మెచ్చుకునేవాడు. నేను మౌస్ నొక్కేలోపు వాళ్ల దేశ చరిత్ర అంతా నా తల మీదుగా అటూ ఇటూ ఎగిరేది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కారెక్కి పోయేవాళ్లు.

ఎవరిది ఏ తెగ అని సూటిగా అడగడం మర్యాద కాదు. ఒకప్పుడు వాళ్ల ప్రభుత్వం తెగ పేరెత్తకూడదని కట్టడి చేస్తే జనం 'నేను మాజీ ఫలానా' అని చెప్పుకోవడం మొదలుపెట్టారట. ఆ హాస్యం ఇంకా నడుస్తూనే ఉంది. కొత్తవాడెవడైనా టీకొట్టుకు వస్తే, తమరు మాజీ ఏమిటి అని అడుగుతారు. వాడు నవ్వి తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, అలా ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఏడేళ్లు నిండేలోపు ప్రతి బిడ్డకూ ఇంట్లో ఈ వరస నేర్పేస్తారని హలీమా చెప్పింది. ఇద్దరి వరసలూ ఎక్కడ ఒకే పేరు దగ్గర కలుస్తాయో అక్కడ వాళ్లు చుట్టాలవుతారు.

పెద్దాయన ఈ యుద్ధంలో ఏ పక్కనా చేరేవాడు కాదు. మూల బల్ల ఆయనది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, గోరింటాకుతో ఎర్రబారిన గడ్డం. ఎవడైనా తన వరస చెప్పడం మొదలుపెడితే ఆయన చాచుకున్న కాళ్లు వెనక్కి తీసుకునేవాడు. దారిలో మనుషులు నడిచిపోతుంటే మనం కాళ్లు ముడుచుకుంటాం చూడండి, అలా. ఆఖరి పేరు అయిపోయాక, ఒక క్షణం ఆగి మళ్లీ చాచుకునేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. అక్కడ ఇంకెవరూ నవ్వడం లేదని తర్వాత గమనించాను.

ఎవరి వరసైనా ఆయనకు కంఠతా వచ్చు. చెప్పేవాడు నడుమ తడబడితే అందించేది ఆయనే. అందుకని ఉత్తరాది వాళ్లు మావాడనేవాళ్లు, దక్షిణాది వాళ్లు మావాడనేవాళ్లు. ఆయన మాత్రం సొంత వరస ఎన్నడూ చెప్పలేదు. తమరు మాజీ ఏమిటంటే, మాజీ మనిషిని అని ఊరుకునేవాడు. దాంతో ఒక పుకారు పుట్టింది. వాళ్ల దేశంలో జరిగిన అసలు యుద్ధంలో ఈయన సొంత వరస పారేసుకున్నాడని, అందుకే అందరివీ ఏరి దాచుకుంటున్నాడని.

నాతో హిందీలో మాట్లాడేవాడు. పడుచుతనంలో లాంచీల మీద బొంబాయి రేవుకు వచ్చిపోతూ నేర్చిన హిందీ అది. మొదటిసారి ఏదో కాగితం కోసం కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వెనక గోడవైపు చూశాడు. పెదాలు మెల్లగా కదిలాయి, ఎవరినో లెక్కపెడుతున్నట్టు. నేను తిరిగి చూశాను. క్యాలెండరు, ఏసీ, ఫ్రేము కట్టించిన మా లైసెన్సు, అంతకుమించి ఏమీ లేవు.

మీ నాన్న పేరేమిటి బేటీ అన్నాడు. మస్తానయ్య అన్నాను. ఆయన తండ్రి? దస్తగిరి. ఆయన తండ్రి? లాలప్ప. ఆ పైన తెలియదన్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు.

"అందుకే ముగ్గురే ఉన్నారు," అన్నాడు ఆయన నా వెనక్కే చూస్తూ. "మూడోవాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. పాపం, తన వెనక ఎవరూ లేరని."

ఆ పూటంతా మెడ మీదుగా చున్నీ కప్పుకుని టైపు చేశాను. ఆ వారం మా ఆయన వచ్చినప్పుడు చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. "సచ్చినోళ్లను లెక్కబెట్టే ముసలాయనతో నీకేం పని? కాయితం టైపు జేసి పంపిచ్చేయ్."

అలా పంపించేయడానికి వీలైన మనిషి కాదు ఆయన. కరోనా ఏడాది లాక్‌డౌన్ సడలించిన కొత్తలో, మనిషికీ మనిషికీ దూరం ఉండాలని మా ఆఫీసు నేల మీద గుండ్రటి పచ్చ స్టిక్కర్లు అంటించారు. పెద్దాయన వచ్చి మొదటి స్టిక్కరు మీద నిలబడేవాడు. తన వెనక వచ్చినవాళ్లను రెండోదాని మీద నిలబడనిచ్చేవాడు కాదు. చెయ్యి గుండెకు ఆనించుకుని, కొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అని బతిమాలి స్టిక్కర్లన్నీ ఖాళీ చేయించేవాడు. జనమంతా తలుపు బయట ఎండలో. మా ముదీర్ ఒళ్లు మండి, లోపలంతా ఖాళీగా ఉంటే వాళ్లను బయట నిలబెడతావేమిటని అడిగితే, ఇంకా అందరూ లోపలికి రాలేదు సాబ్ అన్నాడు. ముదీర్ నా మొహం చూశాడు. నేను తెర మీదినుంచి కళ్లెత్తలేదు.

ఆ ఏడాదే ఆయన పనిచేసే సరుకుల దుకాణం మూతపడింది, దాంతో వీసా పోయింది. హలీమా కొట్టు వెనక సామాన్ల గదిలో తలదాచుకున్నాడు. అలా ఏళ్లు గడిచాయి. వానకు షార్జా వీధులు మునిగిన ఏడు ఆయన ట్రంకుపెట్టెలోకి నీళ్లొచ్చి పాస్‌పోర్టు నాని ముద్దయింది. కొన్ని నెలలకే ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది. వీసా లేకుండా ఉండిపోయినవాళ్లు గడువులోపల శిక్ష ఏమీ లేకుండా దేశం విడిచి వెళ్లిపోవచ్చు. మా సెంటర్లో నిలబడడానికి చోటుండేది కాదు.

పెద్దాయన ఒకరోజు మధ్యాహ్నం వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. వెళ్లాలి బేటీ అన్నాడు. ఉత్తరాన బురావ్ అనే ఊళ్లో అక్క ఉందట. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ని పెంచింది, వరస నేర్పింది ఆమే. యుద్ధంలో తమ్ముడు చచ్చిపోయాడని ఎవరో ఆమెకు కబురు చేశారు. ఇప్పుడు ఈయన ఫోన్ చేసి మాట్లాడితే నమ్మడం లేదు. చచ్చినవాడు మాట్లాడుతున్నాడని ఫోన్ పెట్టేస్తోంది.

"వచ్చి గుమ్మం ముందు నిలబడి వరస చెప్పమంటోంది," అన్నాడు. "చచ్చినవాడు తన వరస తాను చెప్పలేడట. చెప్పబోతే నడుమ ఆగిపోతాడట. ఆగకుండా చెబితే తలుపు తీస్తానంది."

ఫోన్లోనే చెప్పేయొచ్చు కదా అన్నాను. ఫోన్లో వెనకవాళ్లు రారు కదా అన్నాడు, నాకు ఈమాత్రం తెలియదా అన్నట్టు.

పాస్‌పోర్టు లేదు కాబట్టి ప్రయాణానికి వేరే కాగితం కావాలి. ఆ కాగితం రావాలంటే సొంతవాళ్లు ఇద్దరు పెద్దమనుషులు ఇతను మావాడేనని సంతకం చేయాలి. పెద్దమనుషుల ముందు పెట్టడానికి వరస మొత్తం ఒక పత్రం మీద ఉండాలి. బురావ్ పేరు వినగానే బ్రోకరు ఎగిరి గంతేశాడు, నేను ముందే చెప్పానా మావాడేనని. అజ్మాన్‌లో ఉండే తన పెదనాన్నను తీసుకొస్తానని, ఇద్దరం సంతకం పెడతామని మాటిచ్చాడు. టైర్ల వ్యాపారి, సరే తీసుకోండి, మేం కొన్నాళ్లు అరువిచ్చామనుకుంటాం అన్నాడు.

పెద్దాయన కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. నేను టైపు చేస్తూ వచ్చాను. పదమూడోవాడు రోబ్లె, పద్నాలుగోవాడు వార్సమె. పదిహేనోవాడు రోబ్లె, పదహారోవాడు వార్సమె. అక్కడ నా వేలు ఆగింది. పేర్లు చెప్పేవాళ్లు తడుముకున్నప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి చెప్పిందే మళ్లీ చెబుతారు. ఇన్నేళ్లలో అలాంటివి ఎన్నో దిద్దాను, నా గొప్పంతా ఆ దిద్దడంలోనే ఉంది. కళ్లు మూసుకున్న మనిషిని ఆపడమెందుకని రెండో జతను చెరిపేసి ముందుకు పోయాను. మనలోనూ తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. మా ఇంట్లోనే ఇద్దరు దస్తగిరులున్నారు. ఆ ఆలోచన ఆ నిమిషం నాకు రాలేదు. ఆయన కంటిలో శుక్లాలు, కాగితం చదవకుండానే కింద వేలిముద్ర వేశాడు.

మర్నాడు హలీమా కొట్టులో అందరూ కూర్చున్నారు. పెదనాన్న పత్రం తీసి పైకి చదివాడట. ఆ శాఖ వరస కూడా ఆయనకు తెలుసట, పద్నాలుగు దాటగానే చదవడం ఆపేశాడట. ఇద్దరు తాతలు లేని వరస దొంగ వరస, ఎక్కడో విని నేర్చుకున్నవాడే అలాంటి పొరపాటు చేస్తాడు. పాత పుకారు అందరి మనసుల్లోనూ లేచి కూర్చుంది. సరే నోటితో చెప్పమన్నాడు పెదనాన్న. పెద్దాయన మొదలుపెట్టాడు. పదమూడు, పద్నాలుగు. అక్కడ ఆగిపోయాడు. మూడుసార్లు మొదలుపెట్టాడు, మూడుసార్లూ అక్కడే ఆగాడు. పెదనాన్న పత్రం మడిచి బల్ల మీద పెట్టి, ఇతను మావాడు కాదని లేచిపోయాడు.

ఇదంతా బ్రోకరు నా కౌంటరు దగ్గరికి వచ్చి చెప్పాడు. మా తాతల్ని దొంగిలించబోయాడు చూశావా అన్నాడు, నవ్వుతూనే, కానీ మొహం నల్లబడి ఉంది. అతను వెళ్లాక ఫైలు తెరిచి లెక్కపెట్టాను. ఇరవై. తక్కువైన ఇద్దరూ నేను చెరిపేసినవాళ్లే. అప్పుడే లేచి వెళ్లి చెప్పాల్సింది. ముదీర్ పక్కనే కూర్చుని ఉన్నాడు. నా కాగితం తప్పని నా నోటితో చెప్పాలంటే నాలుక ఆడలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

ఆ మర్నాడు పొద్దున పదకొండు గంటలకు పెద్దాయన వచ్చాడు. నా భుజం మీదుగా చూశాడు. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు దగ్గర ఎప్పుడూ ఆగేవి ఆగలేదు.

"ఐదుగురున్నారు," అన్నాడు.

నా చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

"రోబ్లె, వార్సమె. నువ్వు వరసలోంచి దింపేశావు, వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? నీ వెనక చోటు ఖాళీగా ఉంది. వచ్చి నిలబడ్డారు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. తప్పు నాదేనని, ఇవాళే చెబుతానని అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. నేను కుర్చీ వెనక్కి జరిపాను. ఒక్క జానెడు జరిపితే గోడకు తగలాల్సిన కుర్చీ, గోడకు తగలకుండానే ఆగింది. మళ్లీ జరపలేదు. కాసేపటికి ఒక ఈజిప్టు ఆయన టోకెన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. ముదీర్ బయటికి వెళ్లి ఉన్నాడు, ఆఫీసులో నేనొక్కదాన్నే. ఆయన నా పక్కకు ఒకసారి చూసి, ముందు వీళ్ల పని చూడమ్మా, నేను ఆగుతాను అని అరబీలో చెప్పి, వెళ్లి గోడవారగా కూర్చున్నాడు. ఎవరి పని అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పావుగంట సేపు ఏదో టైపు చేస్తున్నట్టు నటించి అప్పుడు ఆయన్ని పిలిచాను.

మధ్యాహ్నం టీకొట్టుకు వెళ్లాను. మగవాళ్లందరూ ఉండగా గడప దగ్గర నిలబడి, రెండు పేర్లు నేనే తీసేశానని, ఆయన ఇరవై రెండూ సరిగ్గానే చెప్పాడని చెప్పాను. దిద్దిన పత్రం బ్రోకరు చేతికిచ్చాను. అతను చాలాసేపు చదివి, కాగితం నీది, ఒప్పుకుంటాను, నోరు ఆయనదే కదా, అది ఎందుకు ఆగింది అన్నాడు. టైర్ల వ్యాపారి అప్పుడు కలగజేసుకుని, మా దక్షిణంలో దొంగకు కూడా రెండో అవకాశం ఇస్తారు, మీది ఏదో పెద్ద ప్రజాస్వామ్యమంటారు కదా అన్నాడు. ఆ దెబ్బకు బ్రోకరు పెదనాన్నకు ఫోన్ చేశాడు. వచ్చే గురువారం మళ్లీ వస్తానన్నాడు ఆయన. గడువుకు అప్పటికి నాలుగు రోజులే మిగులుతాయి.

ఆ వారమంతా అన్నం వేళలో హలీమా కొట్టు మూల బల్ల దగ్గర నేను పెద్దాయనకు ఆయన తాతల పేర్లు నేర్పాను. రాయచోటిదాన్ని, సోమాలీ ముక్క రానిదాన్ని, నేను చదవడం, ఆయన పసిపిల్లాడిలా తల ఊపుతూ వల్లించడం. నాకు ఇరవై రెండూ నోటికి వచ్చేశాయి. ఆయన మాత్రం పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. నేను అందిస్తే పలికేవాడు కాదు.

అక్కడ ఎవరూ లేరు బేటీ, నీ దగ్గరున్నారు అనేవాడు. పోనీ మీరే పిలవండి అన్నాను ఒకసారి విసుగుతో. వాళ్లు నాకు తాతలు, నేను పిలిస్తే వస్తారా, వాళ్లు పిలిస్తే నేను పోవాలి గానీ అన్నాడు. బుధవారం నాడు టీ ముట్టుకోలేదు. హలీమా గిన్నెలు కడగడం ఆపి మావైపు చూస్తోంది.

"అక్క చెప్పింది నిజమేమో," అన్నాడు. "నేను అప్పుడే చచ్చానేమో. మొహమాటపడి నాకెవరూ చెప్పలేదేమో."

కాదు అని గట్టిగా అన్నాను. అంటూ అంటూ ఆయన చేతిని పట్టుకున్నాను, వెచ్చగానే ఉంది. నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. ఆయనకు కలగలేదు.

గురువారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత పెదనాన్న వచ్చాడు. కాగితం చూడకూడదు, ఎవరూ అందించకూడదు అన్నాడు. హలీమా పొయ్యి దగ్గర, నేను గడప దగ్గర, మగవాళ్లు బల్లల చుట్టూ. పెద్దాయన లేచి నిలబడి మొదలుపెట్టాడు. గొంతు బాగానే ఉంది. పదమూడు. పద్నాలుగు. ఆగింది.

పొయ్యి మీద పాలు పొంగి హలీమా మంట తగ్గించింది. ఆ పేర్లు నా నాలుక చివర ఉన్నాయి, పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. టైర్ల వ్యాపారి నేల చూపులు చూస్తున్నాడు. పెదనాన్న చెయ్యి జేబులో కలాన్ని వదిలేసింది. అప్పుడు పెద్దాయన తలెత్తి గడపవైపు చూశాడు. నన్ను కాదు. నా భుజం మీదుగా, నా వెనక్కి.

"రోబ్లె," అన్నాడు, మనిషిని చూసి గుర్తుపట్టి పలకరించినట్టు. "వార్సమె."

ఆ తర్వాత ఆగలేదు. పందొమ్మిదో పేరు దగ్గర పెదనాన్న గొంతు కూడా కలిసింది, అక్కడినుంచి ఇద్దరి వరసా ఒకటే. ఆఖరి నాలుగు పేర్లూ ముసలివాళ్లిద్దరూ కలిసి చెప్పారు. అక్కడున్న మగవాళ్లంతా ఎప్పుడు ముడుచుకున్నారో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. పెదనాన్న కలం తీశాడు. బ్రోకరు పెద్దాయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. హలీమా ఆ పూట ఎవరినీ టీ తాగకుండా పోనివ్వలేదు.

కాగితం వచ్చింది. ప్రయాణానికి ముందు చెప్పి పోవడానికి కౌంటరు దగ్గరికి వచ్చాడు. అన్నేళ్లలో మొదటిసారి నా మొహంలోకి చూశాడు. నీ కళ్లు ఇలా ఉంటాయా అన్నాడు. వెనక ఎందరున్నారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ తర్వాత సంగతులు రాయడం కష్టం. నాతో ఎవరో ఉన్నారని నేను ప్రమాణం చేసి చెప్పలేను. లిఫ్టులో మూల వదిలి నిలబడేదాన్ని. బస్సులో ఒక్కోసారి పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. వంట చేసేటప్పుడు తలుపు దగ్గర ఎవరో నిలబడి ఆగినట్టుండేది, మన ఇంటి పెద్దవాళ్లు వంటగదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే ఆగుతారు, అలా. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఫుజైరా వచ్చేయమంటాడు.

మొన్న హలీమా నన్ను పిలిచి ఫోన్ చేతికిచ్చింది. బురావ్ నుంచి పెద్దాయన అక్క గొంతు, రికార్డు చేసి పంపింది. ముసలి గొంతు, ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటోంది. హలీమా ఆపి ఆపి చెప్పింది. తమ్ముడు వచ్చి గుమ్మం ముందు నిలబడి ఇరవై రెండు పేర్లూ చెప్పాడట. ఆఖరి పేరు అయ్యేదాకా ఆమె గడియ తీయలేదట. ఏడాది పైన ఆమె దగ్గరే ఉన్నాడు. పోయిన నెల, పొద్దుటి ఎండలో మంచం వేయించుకుని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. నాకో మాట చెప్పి పంపాడట.

హలీమా అక్కడ ఆగింది. "నేను వరసలో నిలబడే వేళయింది, ఆ ఇద్దర్నీ ఇక పంపించమని షార్జా పిల్లకు చెప్పు అన్నాడంట," అంది. తర్వాత నా మొహం చూసి, ఏ ఇద్దర్ని అని అడిగింది. నేను ఫోన్ ఆమె చేతిలో పెట్టేసి లేచాను.

తిరిగి వచ్చేసరికి మూడు గంటలు. కౌంటరు ముందు ఎవరూ లేరు. వెళ్లి గాజుతలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. బయటి వేడి లోపలికి కొట్టింది. రెండు పేర్లూ మెల్లగా చెప్పాను. మా ఊరి మాటలే నోటికొచ్చాయి. "పోయి రాండి తాతా. ఆయప్ప ఎదురుజూస్తాంటాడు." ఇద్దరు ముసలివాళ్లు గడప దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడ్డాను, ఇంకొంచెం కూడా నిలబడ్డాను. చల్లదనమంతా పోతోంది, తలుపు వేయమని లోపలినుంచి ముదీర్ కేకేశాడు. వేశాను.

ఆ సాయంత్రం బస్సులో నా పక్క సీటులో ఎవరో ఒకావిడ అడక్కుండానే వచ్చి కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ భయపడుతున్నాననే అనుకున్నాను. వాళ్లు ఉంటే బాగుండునని నాకు అప్పుడే తెలిసింది.